వీపీఎన్ కొన్నారు సరే, సర్వర్‌కి దారి మూశారా?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పొడవుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఆరుగురు పనిచేసే ఒక చిన్న సంస్థలో డెవలపర్. సర్వర్లు చూసుకునే సీనియర్ ఆ మధ్య వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు. ఎవరూ అప్పగించకుండానే ఆ పని ఈమె మీద పడింది. సంస్థకు అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్ ఒకటి ఉంది, వెబ్‌సైట్, డేటాబేస్ రెండూ అందులోనే నడుస్తాయి. ఆఫీసులో ఒక విండోస్ మెషీన్ ఉంది, అకౌంట్స్ చూసేవాళ్ళు ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి వస్తారు. రెండింటికీ ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి ఉంది. లినక్స్ సర్వర్ రూట్ (అన్ని హక్కులూ ఉండే ప్రధాన అకౌంట్) పాస్‌వర్డ్ నలుగురికి తెలుసు. వెళ్ళిపోయిన సీనియర్ కూడా ఆ నలుగురిలో ఒకరు. ఇప్పటికీ ఏదైనా ఆగిపోతే ఆయనకే ఫోన్ చేస్తారు, ఆయన లాగిన్ అయి సరిచేసి పెడతారు.

“ఒక రాత్రి లాగ్ తెరిచి చూశాను. రూట్, అడ్మిన్, టెస్ట్ అంటూ ఎవరెవరో పాస్‌వర్డ్‌లు కొడుతున్నారు. వేలకొద్దీ లైన్లు. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు. మా సార్‌కి చెబితే, యాడ్‌లో చూసిన ఒక వీపీఎన్ యాప్‌కి ఏడాది డబ్బు కట్టి అందరి ల్యాప్‌టాప్‌లలో వేయించారు. ‘ఇక సమస్య తీరిపోయింది కదా’ అంటున్నారు. తీరలేదని నాకు తెలుసు, కానీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఒక కొలీగ్ పోర్ట్ నంబర్ మారిస్తే చాలంటాడు, ఇంకొకరు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టెయ్, పది నిమిషాల పని అంటారు. తెలియక ఏదైనా మూసేస్తే నేనే బయట ఉండిపోతానేమోనని టెన్షన్. సీనియర్ యాక్సెస్ తీసేస్తే అనుమానించానని బాధపడతారేమో. నాకు పని నేర్పింది ఆయనే. సార్‌కి చెప్పకుండా ఒక ఆదివారం అంతా చేసేద్దామా అని కూడా అనిపిస్తోంది.”

సమాధానం:

ముందు ఆ లాగ్ సంగతి చూద్దాం. ఆ వేల లైన్ల వెనక మీ సంస్థ మీద కన్నేసిన మనిషి ఉండే అవకాశం చాలా తక్కువ. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకి ఉండే ఐపీవీ4 అడ్రసులన్నీ కలిపితే దాదాపు 430 కోట్లు. అంత పెద్ద సంఖ్యని కూడా ఒక్క కంప్యూటర్‌తో 45 నిమిషాల్లోపే తడిమి రావచ్చని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లోనే చూపించారు. అలా తిరిగే బాట్‌లు (తమంతట తాము నడిచే ప్రోగ్రాములు) పోర్ట్ 22, అంటే దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ తలుపు, తెరిచి ఉన్న ప్రతి మెషీన్ దగ్గరా ఆగి నాలుగు పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తాయి. ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉన్న సర్వర్లన్నింటి లాగులూ ఇలాగే ఉంటాయి.

మీరు చూడాల్సింది ‘ఫెయిల్డ్’ అని ఉన్న లైన్లు కాదు, ‘యాక్సెప్టెడ్’ అని ఉన్నవి. ఏ యూజర్, ఏ ఐపీ నుంచి, ఏ సమయంలో వచ్చారో తీసి, అవన్నీ మీకు తెలిసిన మనుషులవేనా అని సరిపోల్చండి. ఇక్కడే మీ అసలు ఇబ్బంది బయటపడుతుంది. నలుగురూ రూట్ పేరుతోనే వస్తున్నారు కాబట్టి తెల్లవారుజామున ఒక కొత్త ఐపీ నుంచి ‘రూట్’ కనిపిస్తే అది మీ సీనియరో, అకౌంట్స్ వాళ్ళకి సాయం చేయబోయిన కొలీగో, ఎవరో దొంగో చెప్పే ఆధారమే లేదు. అందరినీ అడగండి. ఎవరిదీ కాని లాగిన్ ఒక్కటి తేలినా వీపీఎన్ గురించి ఆలోచించడం ఆపేయాలి. రూట్ చేతికి చిక్కిన మెషీన్‌ని శుభ్రం చేసి నమ్మలేం. కొత్త సర్వర్ తీసుకుని, ఆ లాగిన్‌కి ముందు తేదీ బ్యాకప్ నుంచి మొదలుపెట్టి, పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఇతర సర్వీసులతో మాట్లాడటానికి వాడే రహస్య కోడ్‌లు) అన్నీ మార్చడమే దారి. అలాంటిదేమీ దొరకలేదనే అనుకుని ముందుకు వెళ్దాం. రూట్ దొరికినవాడు లాగుని కూడా చెరపగలడన్నది మాత్రం మనసులో ఉంచుకోండి.

ఇక మీ సార్ కొన్న యాప్. వీపీఎన్ అనే ఒక్క పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి, ఆయన పొరపడటంలో వింతేమీ లేదు. ఆ యాప్ మీ ల్యాప్‌టాప్ ట్రాఫిక్‌ని ఆ కంపెనీ సర్వర్ దాకా ఎన్‌క్రిప్ట్ చేసి తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వదులుతుంది. వైఫై యజమానికి మీరు ఏ సైట్ చూస్తున్నారో తెలియదు, సైట్‌కి మీ ఐపీ తెలియదు. అంతవరకే దాని పని. మీ సర్వర్ పోర్ట్ 22 మాత్రం ప్రపంచానికంతటికీ నిన్న ఎలా తెరిచి ఉందో ఇవాళా అలాగే ఉంది. ఇంట్లోవాళ్ళంతా గొడుగులు పట్టుకుని బయల్దేరినంత మాత్రాన ఇంటి తలుపుకి గొళ్ళెం పడదు కదా. మీకు కావలసింది సర్వర్ వైపు ఉండే వీపీఎన్. మీవాళ్ళు ముందు మీ ప్రైవేట్ నెట్‌వర్క్‌లో చేరాలి, చేరినవాళ్ళకే ఎస్‌ఎస్‌హెచ్, రిమోట్ డెస్క్‌టాప్, డేటాబేస్ కనిపించాలి.

ఆ యాప్ ఐపీని ఫైర్‌వాల్‌లో (ఎవరిని రానివ్వాలో తేల్చే కాపలా) అనుమతిస్తే సరిపోదా అని ఎవరైనా అనవచ్చు. మామూలు ప్లాన్‌లో ఆ ఐపీని ఇంకెంతోమంది కస్టమర్లు పంచుకుంటారు, వాళ్ళందరికీ దారి ఇచ్చినట్టే. మీకు మాత్రమే కేటాయించిన ఐపీ అయితే కొంత నయం, కానీ ఆ కంపెనీ మీద, ఆ ప్లాన్ మీద ఎప్పటికీ ఆధారపడాలి.

సార్‌కి ఇదంతా మాటల్లో చెప్పబోతే ‘నేను డబ్బు దండగ చేశానంటావా’ అన్న దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. మాటల బదులు చూపించండి. ఫోన్‌లో వైఫై ఆపి, వీపీఎన్ యాప్ లేకుండా, మొబైల్ డేటా మీద ఆయన ముందే సర్వర్‌కి కనెక్ట్ అవ్వండి. పాస్‌వర్డ్ అడుగుతూ ప్రాంప్ట్ వస్తుంది. “యాప్ లేకపోయినా నన్ను ఇక్కడిదాకా రానిచ్చింది సార్, ఎవరినైనా ఇలాగే రానిస్తుంది” అంటే చాలు. అయినా బయటి వైఫైల మీద పనిచేసేవాళ్ళకి ఆ యాప్ ఉపయోగమే, కాబట్టి దాన్ని తీసేయమని పట్టుబట్టకండి. ఆ గొడవ మీకు అక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అసలు వీపీఎనే లేకుండా లినక్స్ సర్వర్ వరకు చాలా సాధించవచ్చు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీలతో (ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు దాచుకునే రహస్య ఫైళ్ళు) మాత్రమే రానివ్వడం, రూట్ నేరుగా లాగిన్ కాకుండా చేయడం, ఒక్కొక్కరికి వేరే యూజర్ ఇవ్వడం, డేటాబేస్ పోర్ట్ బయటికి కనిపించకుండా చేయడం. ఇవి చేస్తే ఆ బాట్‌లు ఎన్ని పాస్‌వర్డ్‌లు కొట్టినా వృథా. మీరు ఈ వారం ఇంతవరకే చేసి ఆగిపోయినా నేను తప్పుపట్టను. కాకపోతే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌లోనే లోపం ఉంటే? 2024 జూలైలో అదే జరిగింది. లాగిన్ అవకముందే దాడి చేయగల లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడింది. దాన్ని వాడుకోవడం తేలిక కాదు, అయినా పోర్ట్ తెరిచి ఉన్నవాళ్ళు హడావిడిగా అప్‌డేట్ చేసుకోవలసి వచ్చింది. పోర్ట్ వీపీఎన్ వెనక ఉన్నవాళ్ళకి కాస్త నిదానం దొరికింది.

విండోస్ మెషీన్ విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389 ఇంటర్నెట్‌కి తెరిచి ఉండకూడదు. 2019 మేలో ‘బ్లూకీప్’ లోపం బయటపడినప్పుడు పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందంటే, మైక్రోసాఫ్ట్ అప్పటికే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ విడుదల చేసింది. మీ ఇద్దరు కొలీగ్‌లూ లినక్స్ సర్వర్ గురించే వాదించుకుంటున్నారు గానీ, నన్నడిగితే ఈ అకౌంట్స్ మెషీనే ముందు దాచాల్సింది.

వైర్‌గార్డ్ మంచి సలహానే. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి అది కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంది. దాంట్లో నాకు బాగా నచ్చేది దాని మౌనం. సరైన కీతో వచ్చిన ప్యాకెట్‌కి తప్ప ఎవరికీ జవాబివ్వదు, వెతుకుతూ వచ్చే బాట్‌కి అక్కడేదో ఉందని కూడా తెలియదు. కానీ పది నిమిషాలన్నది సగం నిజం. దాంట్లో యూజర్లు, పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు ఏమీ ఉండవు. కీ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే మనిషి. కాబట్టి ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క కీ ఇవ్వాలి, ఏది ఎవరిదో ఒకచోట రాసుకోవాలి. ఒకే ఫైల్ తయారుచేసి గ్రూప్‌లో పెట్టారనుకోండి, రూట్ పాస్‌వర్డ్ కథ మళ్ళీ మొదలు. పైగా ఒకే కీని ఇద్దరు ఒకేసారి వాడితే సర్వర్ జవాబుల్ని ఒకసారి ఒకరికి, ఒకసారి ఇంకొకరికి పంపుతుంది, ఇద్దరికీ కనెక్షన్ తెగుతూ ఉంటుంది. వైర్‌గార్డ్ యూడీపీ అనే డేటా పంపే పద్ధతి మీదే నడుస్తుంది, మామూలుగా పోర్ట్ 51820. కొన్ని హోటల్, క్యాంపస్ నెట్‌వర్క్‌లు యూడీపీని ఆపేస్తాయి. అక్కడ పనిచేయదు.

అలాంటి చోట్ల ఓపెన్‌వీపీఎన్ నయం. 2001 నుంచి ఉన్న పాత కాపు. మామూలు వెబ్‌సైట్లు వాడే టీసీపీ 443 మీద నడపవచ్చు, సర్టిఫికెట్‌కి (గుర్తింపు కార్డు లాంటి ఫైల్) తోడు పాస్‌వర్డ్, ఓటీపీ అడిగేలా పెట్టవచ్చు. బదులుగా సెట్టింగులు ఎక్కువ, వేగం కొంచెం తక్కువ, సర్టిఫికెట్ల గడువులు చూసుకుంటూ ఉండాలి. సర్వర్ పని అదనంగా నెత్తిన పడిన మనిషికి ఇది నా మొదటి సలహా కాదు.

మూడోది టెయిల్‌స్కేల్ లాంటి సర్వీసు. లోపల నడిచేది వైర్‌గార్డే, కీలు పంచే పని మాత్రం వాళ్ళు చూసుకుంటారు. ఆఫీస్ ఈమెయిల్‌తో సైన్ ఇన్ అవుతారు, ఆ అకౌంట్‌కి ఉన్న రెండో దశ వెరిఫికేషన్ దీనికీ వర్తిస్తుంది. ఆఫీస్ రౌటర్‌లో ఏ పోర్టూ తెరవనక్కర్లేదు కాబట్టి మీ అకౌంట్స్ మెషీన్‌కి ఇది చక్కగా కుదురుతుంది. చెల్లించేది నమ్మకం రూపంలో. ఎవరు మీ నెట్‌వర్క్‌లో ఉండాలో నిర్ణయించే చోటు ఇంకో కంపెనీ చేతిలో ఉంటుంది, అడ్మిన్ ఈమెయిల్ పోతే సర్వర్ దారి కూడా పోయినట్టే. ఒక చిన్న చిక్కు ముందే చెబుతాను. డిఫాల్ట్‌గా 180 రోజులకి పరికరాల కీ గడువు ముగుస్తుంది. సర్వర్‌కి ఆ గడువు తీసేయడం మరిచిపోతే ఒక రోజు ఉన్నట్టుండి అది కనిపించకుండా పోతుంది.

మీ రౌటర్‌లో పీపీటీపీ అనే వీపీఎన్ ఆప్షన్ కనిపిస్తే దాని జోలికి వెళ్ళకండి. అది సాధారణంగా వాడే లాగిన్ పద్ధతిని ఛేదించవచ్చని 2012లోనే తేల్చేశారు.

ఆరుగురి సంస్థ, ఒకే ఒక్క మనిషి చూసుకోవాలి, విండోస్ మెషీన్ కూడా ఉంది. ఈ లెక్కన నేనైతే మూడోదానివైపు మొగ్గుతాను. బయటి కంపెనీ వద్దని మీ సార్ అంటే సొంత వైర్‌గార్డ్. రెండూ మీకు సరిపోతాయి.

ఏది పెట్టినా ఒక సంగతి. ల్యాప్‌టాప్‌ల ట్రాఫిక్ మొత్తాన్నీ అందులోంచి పంపకండి, మీ ప్రైవేట్ నెట్‌వర్క్ అడ్రసులకి మాత్రమే ఆ దారి పెట్టండి. లేకపోతే ఉద్యోగుల సొంత బ్రౌజింగ్ అంతా ఆఫీస్ సర్వర్ గుండా పోతుంది, రేపు ‘మమ్మల్ని గమనిస్తున్నారా’ అన్న మాట వస్తుంది. ఆ నెట్‌వర్క్‌కి 192.168.1 తో మొదలయ్యే అడ్రసులు వద్దు. చాలా ఇళ్ళలో రౌటర్లు అవే వాడతాయి, రెండూ కలిసి గందరగోళమవుతుంది.

బయట ఉండిపోతానన్న మీ భయం న్యాయమైనదే. అందరికీ జరిగేదే, అందుకే ఈ పనిలో వరస ముఖ్యం. మొదట సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ వెబ్ ప్యానెల్‌లో ఉండే కన్సోల్ తెరిచి నిజంగా లాగిన్ అయి చూడండి. ఆ కన్సోల్‌కి నెట్‌వర్క్‌తో పని లేదు, కానీ పాస్‌వర్డ్ కావాలి. ఎస్‌ఎస్‌హెచ్ కీలతోనే తిరుగుతూ యూజర్ పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోవడం మరిచిపోయినవాళ్ళకి అవసరమైన రోజున కన్సోల్ ఉండీ లేనట్టే. తర్వాత పోర్ట్ 22ని అలాగే ఉంచి, దాని పక్కన వీపీఎన్ పెట్టండి. ఇంటి వైఫై నుంచి, మొబైల్ డేటా నుంచి రెండు విధాలా చూడండి. ఆ తర్వాత సర్వర్‌ని రీస్టార్ట్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. వీపీఎన్ తనంతట తాను లేచిందని రూఢి అయ్యాకే పాత దారి మూయండి. శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు.

మూయడానికి మీ సర్వర్ కంపెనీ ఇచ్చే బయటి ఫైర్‌వాల్ ఉంటే అదే వాడండి. పొరపాటు జరిగితే వెబ్ ప్యానెల్ నుంచి వెనక్కి తీసుకోవచ్చు. సర్వర్ లోపలి ఫైర్‌వాలే వాడాలంటే, పది నిమిషాల తర్వాత మార్పుని రద్దు చేసే ఒక షెడ్యూల్ ముందుగా పెట్టి, ఒక పాత సెషన్ తెరిచే ఉంచి, కొత్త కిటికీలో లాగిన్ అయి చూసి, అన్నీ బాగుంటే ఆ షెడ్యూల్ తీసేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌ని వీపీఎన్ అడ్రస్ మీద మాత్రమే వినమని చెప్పే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది. బూట్ అయ్యేటప్పుడు వీపీఎన్ కంటే ముందు ఎస్‌ఎస్‌హెచ్ లేస్తే ఆ అడ్రస్ ఇంకా ఉండదు, అది మొదలే కాదు. ఫైర్‌వాల్‌తో ఆపడమే మేలు.

మూశాక బయటి నుంచి పోర్ట్‌లు స్కాన్ చేసి చూసుకోండి, మూశామనుకుని ఊరుకోవద్దు. డాకర్ (ప్రోగ్రాములని విడివిడి డబ్బాల్లో నడిపే సాధనం) వాడుతుంటే అది తెరిచే పోర్ట్‌లు లినక్స్ లోపలి ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ నియమాలని దాటి బయటికి కనిపిస్తాయి. డేటాబేస్ డాకర్‌లో ఉండి, ఫైర్‌వాల్‌లో మూసి ఉన్నట్టే కనిపిస్తూ, ప్రపంచానికి తెరిచి ఉండే సందర్భం చాలా మామూలు. సర్వర్‌కి ఐపీవీ6 (కొత్త తరహా) అడ్రస్ కూడా ఉంటే దాని మీద విడిగా చూడండి. వెబ్‌సైట్ పోర్ట్‌లు 80, 443 ఎలాగూ తెరిచే ఉంటాయి, కాబట్టి సైట్ కోడ్‌లో ఉన్న లోపాలకి ఈ వీపీఎన్ ఏ సాయమూ చేయదు. అది సార్‌కి ముందే చెప్పండి, రేపు ‘వీపీఎన్ పెట్టావుగా’ అనకుండా.

పోర్ట్ నంబర్ మార్చడం గురించి అడిగారు. లాగ్‌లో చప్పుడు తగ్గుతుంది, మీకు నిద్ర పడుతుంది. భద్రత ఏమీ పెరగదు.

ఇక మీ సీనియర్. మీ ఉత్తరంలో బరువైన భాగం ఇదేననిపించింది. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం చేరవేసే కలోనియల్ పైప్‌లైన్ కొన్ని రోజులు ఆగిపోయింది. దొంగలు లోపలికి వచ్చింది వీపీఎన్ గుండానే. ఎవరూ వాడకుండా మిగిలిపోయిన ఒక పాత అకౌంట్, దానికి రెండో దశ వెరిఫికేషన్ లేదు, పాస్‌వర్డ్ వాళ్ళ చేతికి చిక్కింది. కంపెనీ దాదాపు 44 లక్షల డాలర్లు చెల్లించింది. ఆ అకౌంట్ ఎవరిదో ఆ మనిషి చెడ్డవాడని ఎవరూ అనలేదు. మీ సీనియర్ ఎంత మంచివారైనా ఆయన పాత ల్యాప్‌టాప్‌లో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌కి ఆ మంచితనం అంటదు. పైగా రేపేదైనా జరిగితే లాగ్‌లో ‘రూట్’ అని మాత్రమే ఉంటుంది, ఆయన తన నిర్దోషిత్వాన్ని ఎలా చూపించుకుంటారు? యాక్సెస్ తీసేయడం ఆయనకీ రక్షణే.

ఇందులో మీరు మూడు విధాలుగా వెళ్ళవచ్చు. పూర్తిగా తీసేసి, అవసరమైతే ఫోన్‌లో అడిగి మీరే చేయడం ఒకటి. మొదట్లో కష్టంగా ఉంటుంది, కానీ సర్వర్ నిజంగా మీ చేతికి వచ్చేది అప్పుడే. ఆయన సాయం ఇంకా కావాలనుకుంటే, సార్ ఈమెయిల్‌లో ఒప్పుకున్నాక, ఆయన పేరుతో వేరే యూజర్, వేరే వీపీఎన్ కీ ఇచ్చి, ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు తీసేయడం రెండోది. ఇందులో ఆయన కొత్త ఉద్యోగపు ఒప్పందం బయటి పని ఒప్పుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి, ఆ ఇబ్బంది ఆయనది. ఏమీ కదపకుండా వదిలేయడం మూడోది. అలా చేస్తే మీరు పెట్టే వీపీఎన్‌లో సగం విలువ పోతుంది. దీన్ని నిర్ణయించాల్సింది సార్, మీరు కాదు. ఆ సంగతే మీకు ఊరట కావాలి.

ఆయనకి మాత్రం మెసేజ్ కాకుండా ఫోన్ చేసి, తీసేయడానికి ముందే చెప్పండి. “సార్, రూట్ పాస్‌వర్డ్ పద్ధతే ఎత్తేస్తున్నాం, అందరికీ వేరే వేరే కీలు ఇస్తున్నాం. మీ పాత యాక్సెస్ కూడా అందులో పోతుంది. సెటప్ ఒకసారి నాతో కలిసి చూస్తారా?” అనండి. సర్వర్ పనిచేసే మనిషికి ఇది అవమానంగా అనిపించదు. చాలామంది వెళ్ళిపోయేటప్పుడు తామే అడిగి తీయించుకుంటారు.

సార్‌కి చెప్పకుండా ఆదివారం చేసేయాలన్న ఆలోచన నాకు నచ్చలేదు. అంతా సవ్యంగా జరిగితే ఎవరికీ తెలియదు, సోమవారం ఉదయం అకౌంట్స్ వాళ్ళు లాగిన్ కాలేకపోతే అందరికీ మీ పేరే గుర్తొస్తుంది. దానికన్నా చిన్న ఈమెయిల్ రాయండి. ఏం మారుస్తున్నారు, ఎప్పుడు, ఎంతసేపు ఆగవచ్చు, ఏదైనా తేడా వస్తే ఎలా వెనక్కి తిప్పుతారు. నాలుగు వాక్యాలు. ‘ఇప్పుడు వద్దు’ అంటే ఆ జవాబు మీ దగ్గర ఉంటుంది. అప్పుడు కూడా బ్యాకప్‌ని ఆ సర్వర్ నుంచి దొరకని చోట దాచడం, మీ సొంత లాగిన్‌ని కీకి మార్చుకోవడం మీరు చేయవచ్చు, వాటికి ఎవరినీ ఒప్పించనక్కర్లేదు. నెల తర్వాత అదే మెయిల్ కింద మళ్ళీ అడగండి.

ఒప్పుకుంటే, అడ్మిన్ హక్కులు మీతో పాటు ఇంకొకరికి కూడా ఉండేలా చూడండి. లేకపోతే మీరు సెలవు పెట్టిన రోజున సీనియర్‌కి వచ్చినట్టే ఫోన్లు మీకు వస్తాయి. వీపీఎన్ అడ్మిన్ అకౌంట్, సర్వర్ ప్యానెల్ అకౌంట్ రెండూ సంస్థ ఈమెయిల్ మీదే ఉండాలి, మీ సొంత జీమెయిల్ మీద కాదు. వాటి రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి సార్‌కి ఇవ్వండి. ల్యాప్‌టాప్ పోయిందని ఎవరైనా చెప్పిన వెంటనే ఆ పరికరం కీ తీసేయడం ఎలాగో ఆ రెండో మనిషి చేత ఒకసారి చేయించి చూడండి.